స్వలింగ దంపతుల వీసా: ఇంటివాళ్ల ప్రశ్నలకు జవాబులు

ఒకరిది తెలుగు ఊరు, ఇంకొకరిది అమెరికా. ఇద్దరూ మగవాళ్లో, ఇద్దరూ ఆడవాళ్లో. వాళ్లు ఒకే దేశంలో కలిసి బతకాలంటే ఏం చేయాలని అడుగుతూ ఈమధ్య మాకు ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం రాసింది ఆ జంటలు కాదు, వాళ్ల అమ్మానాన్నలు, అక్కలు, బాబాయిలు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం ఇంటివాళ్లకే కేటాయించాం. వలస చట్టం, కుటుంబ చట్టం తెలిసిన మా సలహాదారులు జవాబులు రాశారు. ఫీజులు 2024 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం ఇచ్చాం. కట్టే రోజున అమెరికా వలస శాఖ వెబ్‌సైట్‌లో మరోసారి చూసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అమెరికా పౌరుడైన ఒకబ్బాయిని పెళ్లి చేసుకుంటానంటున్నాడు. మాకు మనసు సమాధానపడటానికి చాలాకాలం పట్టింది. తీరా మేం సరేనన్నాక, ఇక్కడ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ పెళ్లి చేయరంటున్నారు. పెళ్లి సర్టిఫికెట్టే లేకపోతే వీసా ఎలా వస్తుందండీ?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: వస్తుందమ్మా. మన దేశంలో పెళ్లి రిజిస్టర్ కాకపోవడం అడ్డంకే గాని, దాన్ని దాటే దారులున్నాయి.

అమెరికా వలస శాఖ ఒక్కటే చూస్తుంది: పెళ్లి జరిగిన చోట ఆ పెళ్లి చట్టబద్ధమా, కాదా? వరుడి సొంత దేశం దాన్ని ఒప్పుకుంటుందా అన్నది చూడదు. 2013 జూన్ 26న విండ్సర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు డోమా చట్టంలోని మూడో సెక్షన్‌ను కొట్టేసింది. పెళ్లంటే ఆడామగా మధ్య జరిగేదేనని చెప్పిన ఆ సెక్షన్ వల్లే అంతకుముందు స్వలింగ దంపతుల దరఖాస్తులను తిరస్కరించేవారు. ఆ ఏడాది జులైలోనే వలస అప్పీళ్ల బోర్డు కూడా జెలెనియాక్ కేసులో ఇదే సూత్రాన్ని ఖాయం చేసింది. అప్పటి నుంచి ఆడామగా దంపతులకు ఏ ఫారాలో, ఏ ఫీజులో, ఏ ఇంటర్వ్యూయో వీళ్లకూ అవే.

మీ అబ్బాయికి రెండు దారులున్నాయి. మొదటిది కె-1 వీసా, అంటే పెళ్లి చేసుకోబోయేవారికి ఇచ్చేది. అక్కడి అబ్బాయి ఐ-129ఎఫ్ ఫారం వేస్తాడు, ఫీజు 675 డాలర్లు. ఫారం వేసే నాటికి గడిచిన రెండేళ్లలో ఇద్దరూ ఒక్కసారైనా ముఖాముఖి కలిసి ఉండాలి. వీడియో కాల్స్ లెక్కలోకి రావు. విమానం బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్టులో పడిన ముద్రలు, హోటల్ బిల్లు, ఇద్దరూ కలిసి దిగిన ఫొటోలు దాచిపెట్టమనండి. ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ, వీసా ఫీజు 265 డాలర్లు. వీసా వచ్చి అక్కడికి వెళ్లాక 90 రోజుల్లోపు ఆ అబ్బాయినే పెళ్లి చేసుకుని, గ్రీన్ కార్డు కోసం ఐ-485 వేయాలి, దానికి 1,440 డాలర్లు. అంటే ఫారాలకే 2,380 డాలర్లు. వైద్య పరీక్ష ఖర్చు అదనం.

రెండో దారి, స్వలింగ వివాహం చెల్లే చోట ముందే పెళ్లి చేసుకుని, ఆ బంధుత్వం చూపే ఐ-130 ఫారం వేయడం. కాగితం మీద వేస్తే 675, ఆన్‌లైన్‌లో 625 డాలర్లు. తర్వాత వీసా ఫీజు 325, ఆర్థిక పత్రాల పరిశీలనకు 120, గ్రీన్ కార్డు తయారీకి 235. ఖర్చు తక్కువ, పైగా అబ్బాయి అక్కడ దిగిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు. కె-1 మీద వెళ్తే వర్క్ పర్మిట్ వచ్చేదాకా ఖాళీగా కూర్చోవాలి. మంచి ఉద్యోగం వదిలి వెళ్లే పిల్లలకు ఆ ఖాళీ నెలలు చాలా బరువవుతాయి. అందుకే పెళ్లికి ఎక్కడైనా వీలు దొరికితే మేం రెండో దారే మంచిదంటాం.

మరి పెళ్లి ఎక్కడ? థాయ్‌లాండ్‌లో 2025 జనవరి 23 నుంచి చట్టం అమల్లో ఉంది. కానీ అక్కడ విదేశీయులు తమ ఎంబసీ నుంచి అవివాహితులమన్న పత్రం తేవాలి. మన ఎంబసీ దగ్గర ఆ పత్రం కుదురుతుందని తేలాకే టికెట్లు కొనండి. చాలామంది అడిగే ఇంకో సంగతి, అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక కౌంటీ వీడియోలో చేసే పెళ్లి. అది చట్టబద్ధమే. కానీ ఇద్దరూ చెరో ఊళ్లో కూర్చుని చేసుకుంటే వలస చట్టం దాన్ని గైర్హాజరు పెళ్లిగా చూస్తుంది. ఆ పెళ్లి తర్వాత ఇద్దరూ కలిసి కాపురం చేశారని తేదీలతో రుజువు చూపాలి. పెళ్లికి ముందు కలిసి తిరిగిన ఫొటోలు ఎన్ని పెట్టినా ఇక్కడ పనికిరావు. ఈ ఒక్క తేడా తెలియక దరఖాస్తులు తిరిగొస్తున్నాయి.

ఒకటి మాత్రం వద్దు. టూరిస్ట్ వీసా మీద ‘ఊరు చూసొస్తా’నని చెప్పి వెళ్లి, అక్కడే పెళ్లి చేసుకుని ఉండిపోవాలని ముందే అనుకోవడం. టూరిస్ట్‌గా వెళ్లి పెళ్లి చేసుకుని తిరిగొచ్చేస్తే తప్పు లేదు. ఉండిపోయే ఉద్దేశాన్ని దాచి లోపలికి వెళ్లారని అధికారి నమ్మితే అది అబద్ధం చెప్పి ప్రవేశించడం కిందికొస్తుంది. ఆ మచ్చ జీవితాంతం వెంటాడుతుంది.

ఇంకో మాట: ఆ అబ్బాయి పౌరుడా, గ్రీన్ కార్డు ఉన్నవాడా అన్నది ముందే కచ్చితంగా అడగండి. పౌరుడి భార్యకైనా, భర్తకైనా సంఖ్యాపరిమితి లేదు. ఉద్యోగం మీద గ్రీన్ కార్డుకు మనవాళ్లు నిలబడే ఆ పొడవాటి ఈబీ క్యూతో వీళ్లకు పనే లేదు. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నవారైతే కె-1 కుదరదు, పెళ్లి చేసుకున్నాక వేరే క్యూలో ఆగాలి.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఒక అమ్మాయిని పెళ్లి చేసుకుంది. గ్రీన్ కార్డు ఫైలులో పెట్టడానికి మా చేత ‘అఫిడవిట్’ రాయించమని లాయరు అడిగారట. నాకు ఇంగ్లిష్ రాదు, చదివింది ఏడో తరగతి. నేను రాసింది అక్కడ ఎవరైనా చూస్తారా? ఏం రాయాలి?
– ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: చూస్తారండి. ఆ ఫైలులో మీ కాగితానికి ఉన్న బలం చాలా కాగితాలకు ఉండదు. అధికారికి ఒకటే సందేహం: ఇది నిజం పెళ్లా, గ్రీన్ కార్డు కోసం కట్టిన పెళ్లా? కన్నతండ్రి ‘ఈమె మా కోడలు’ అని ప్రమాణం చేసి సంతకం పెడితే ఆ సందేహం సగం తీరుతుంది.

తెలుగులోనే రాయండి. వచ్చీరాని ఇంగ్లిష్‌లో ఎవరో రాసిన నమూనా మీద సంతకం పెట్టకండి. తల్లి, తండ్రి, మేనమామ ముగ్గురివీ అక్షరం పొల్లుపోకుండా ఒకే మాటలతో ఉంటే మూడూ చెత్తబుట్ట పాలే. మీ తెలుగు కాగితానికి పూర్తి ఇంగ్లిష్ అనువాదం జతచేసి, అనువదించినవారు ‘నాకు రెండు భాషలూ వచ్చు, ఈ అనువాదం సరైనది’ అని రాసి సంతకం పెడితే చాలు. అనువాదానికి నోటరీ అక్కర్లేదు. అనువాదం అమ్మాయి చేత కాకుండా బయటివారి చేత చేయించండి.

పైన మీ పూర్తి పేరు, చిరునామా, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, అమ్మాయికి మీరేమవుతారో రాయాలి. తర్వాత మీరు కళ్లారా చూసినవి మాత్రమే. ‘వాళ్లిద్దరూ ఎంతో ప్రేమగా ఉంటారు, దయచేసి వీసా ఇవ్వండి’ అంటే అందులో అధికారికి దొరికేదేమీ లేదు. ఇలా రాయండి: ‘ఫలానా ఏడు సంక్రాంతికి ఇద్దరూ మా ఇంటికి వచ్చి తొమ్మిది రోజులున్నారు. పై గది వాళ్లకిచ్చాం. కనుమ నాడు మా చెల్లెలింటికి భోజనానికి తీసుకెళ్లి కోడలని పరిచయం చేశాను. ఆ అమ్మాయికి కారం పడదని నా భార్య వేరుగా పప్పు వండేది. ప్రతి ఆదివారం ఉదయం వీడియోలో మాట్లాడతారు. నా మోకాలి ఆపరేషన్‌కు ఇద్దరి పేరుతో ఉన్న ఖాతా నుంచి డబ్బు పంపారు.’ తేదీ, చోటు, ఎవరెవరున్నారు అన్నవి ఉంటే చాలు. తేదీ కచ్చితంగా గుర్తు లేకపోతే నెల రాయండి. ఊహించి రాసిన తేదీ పాస్‌పోర్టు ముద్రతో కలవకపోతే మిగతా నిజాలనూ నమ్మరు. ఒకటి రెండు పేజీలు దాటనివ్వకండి. నోటరీ ముందు సంతకం పెట్టి, ఆధార్ లేదా పాస్‌పోర్టు నకలు జతచేయండి. మీకు చెడ్డ అనిపించినవి దాచనక్కర్లేదు. ‘మొదట ఒప్పుకోలేదు, ఏడాదిపాటు మాట్లాడలేదు’ అన్న వాక్యం ఫైలును బలహీనపరచదు, నమ్మదగినదిగా చేస్తుంది.

ఇక మీ నుంచి లాయరు అడిగే రెండో కాగితం జనన ధ్రువపత్రం. మనవాళ్ల ఫైళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పల్లెల్లో ఇంట్లో పుట్టినవారికి పంచాయతీలో నమోదే ఉండదు. ఉన్నా అందులో ‘పాప’ అనో, ఇంటి పేరు లేకుండానో ఉంటుంది. పదో తరగతి మెమోలో ఇంటి పేరు ఒక పొడి అక్షరం, పాస్‌పోర్టులో అదే పూర్తి పేరు. కొందరికి పాస్‌పోర్టులో ఇంటి పేరు గడి ఖాళీ. అలాంటప్పుడు అమెరికా కాగితాల్లో అసలు పేరు బదులు ‘ఎఫ్ఎన్‌యు’ అని పడుతుంది, అంటే ‘మొదటి పేరు తెలియదు’ అని. వీసా కంటే ముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి.

నమోదు లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ నుంచి ‘రికార్డు లభ్యం కాలేదు’ అన్న పత్రం తీసుకుని, దానికి పదో తరగతి మెమో, ఇద్దరు పెద్దల ప్రమాణపత్రాలు జోడించాలి. ఆ ఇద్దరిలో కన్నతల్లి ఒకరైతే మరీ మంచిది. పుట్టిన ఏడాది దాటాక ఆలస్యంగా నమోదు చేయించిన పత్రమైతే అదొక్కటే పెట్టకండి, పాత స్కూలు రికార్డు కూడా జతచేయండి. పేర్లు రెండు రకాలుగా ఉంటే ‘ఈ రెండు పేర్లూ ఒకే మనిషివి’ అని మీరు రాసిచ్చే ప్రమాణపత్రం పనికొస్తుంది.

ప్రశ్న: మా తమ్ముడికి ఇష్టం లేకపోయినా పదేళ్ల కింద పెళ్లి చేశాం. ఏడాది తిరక్కుండానే విడిపోయారు. పెద్దమనుషుల్లో కూర్చుని వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకున్నాం. ఆ అమ్మాయికి మళ్లీ పెళ్లయింది. మా తమ్ముడు ఇప్పుడు అమెరికా వ్యక్తితో ఉంటున్నాడు. మొదటి పెళ్లి రిజిస్టర్ కాలేదు కాబట్టి ‘అవివాహితుడు’ అని రాయొచ్చా?
– ఒక అక్క, విజయవాడ

జవాబు: రాయకూడదు. ఈ ఒక్క గడిలో తప్పు రాస్తే మీ తమ్ముడి దారి శాశ్వతంగా మూసుకుపోవచ్చు.

పీటల మీద సప్తపదితో జరిగిన హిందూ వివాహం రిజిస్టర్ కాకపోయినా పెళ్లే. పెళ్లి ఫొటోలు, శుభలేఖ, ఎవరి ఫేస్‌బుక్‌లోనో ఉన్న పాత చిత్రం ఎప్పుడైనా బయటపడొచ్చు. అప్పుడది అధికారికి అబద్ధం చెప్పినట్టు. ఇక స్టాంపు పేపరు విషయం. హిందూ వివాహ చట్టం సెక్షన్ 29(2) ఆచార విడాకులను కాపాడుతుంది. కానీ మీ కులంలో ఆ ఆచారం పాతకాలం నుంచి నిరంతరంగా ఉందని రుజువు చేసే బాధ్యత మీదే. కోర్టు డిక్రీ లేకుండా ముంబైలోని అమెరికా కాన్సులేట్‌లో దాన్ని నమ్మించడం చాలా కష్టం. ఆచారం నిజంగా ఉంటే ఆ కాగితం చెల్లుతుందని సివిల్ కోర్టులో డిక్లరేషన్ తెచ్చుకోవచ్చు. లేకపోతే సెక్షన్ 13బి కింద పరస్పర అంగీకారంతో విడాకులకు వెళ్లాలి. ఏడాది విడిగా ఉన్నాక పిటిషన్, ఆ తర్వాత ఆరు నెలల గడువు. ఎప్పుడో విడిపోయినవారికి ఆ ఆరు నెలలను కోర్టు మినహాయించొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ అమ్మాయికి మళ్లీ పెళ్లయింది గనుక ఆమెకు ఇబ్బంది రాకుండా ఏ దారి పట్టాలో ఇద్దరి తరఫునా లాయర్లు కూర్చుని తేల్చాలి. ఆమె ఇందులో ఏ తప్పూ చేయలేదు. ఆమె కొత్త కాపురాన్ని కాపాడే బాధ్యత మీ కుటుంబానిదే.

వరస చాలా ముఖ్యం. డిక్రీ తేదీ ముందు, రెండో పెళ్లి తేదీ తర్వాత ఉండాలి. అటూ ఇటూ అయితే రెండో పెళ్లి చెల్లదు, డిక్రీ వచ్చాక మళ్లీ చేసుకోవాల్సిందే. మొదటి పెళ్లిలో పిల్లలుంటే వాళ్ల పేర్లు ఫారంలో తప్పకుండా రాయాలి.

ఇలాంటి మరో కేసు. ఇంటి ఒత్తిడి మీద ఒక అబ్బాయి అమెరికా పౌరురాలైన అమ్మాయిని చేసుకుని, ఆమె ద్వారా గ్రీన్ కార్డుకు వేసి, తర్వాత విడిపోయాడు. ఇప్పుడు భర్త ద్వారా వేస్తున్నాడు. ‘నువ్వు గే అయితే ఆ పెళ్లి ఉత్తుత్తిదేగా’ అని అధికారి అడుగుతాడు. మొదటి పెళ్లి వీసా కోసమే జరిగిందని తేలితే ఆ తర్వాత ఎవరు స్పాన్సర్ చేసినా గ్రీన్ కార్డు రాదు. ఆ పెళ్లి మీరు నిజంగా కాపురం చేయాలని చేసినదే, వాడూ ప్రయత్నించాడు అన్నది నిరూపించాలి. అప్పుడు ఆ పెళ్లి కుదిర్చిన తల్లిదండ్రుల సాక్ష్యం ఒక్కటే దిక్కవుతుంది. పెళ్లిచూపులు, నిశ్చితార్థం, వేసిన మంటపం, కాపురానికి పంపిన సామాను అన్నీ రాసివ్వండి. ‘మా బలవంతం వల్లే జరిగింది’ అని ఒప్పుకోవడం తల్లిదండ్రులకు నొప్పిగా ఉంటుంది. అయినా రాయండి.

ప్రశ్న: నేను, నా భార్య డాలస్‌లో ఉంటాం. ఆమె ఇక్కడి పౌరురాలు. మా ఇంట్లో ఇంకా తెలియదు. ఇంటర్వ్యూలో ‘మీ అమ్మానాన్నలకు చెప్పారా’ అని అడుగుతారట. తెలియదంటే కేసు పోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: పోదు. తెలియదని నిజం చెప్పండి. ఎందుకు చెప్పలేదో, చెబితే ఏమవుతుందని భయమో, మీ వైపు ఎవరికి తెలుసో మీరిద్దరూ చెరో ప్రకటన రాసి ఫైలులో ముందే పెట్టండి. ఒక స్నేహితురాలో, ఒక తమ్ముడో అయినా సరే, తెలిసినవారు రాసిన కాగితం ఉండాలి. ఇద్దరి పేర్లతో అద్దె ఒప్పందం, ఒకరి ఇన్సూరెన్స్‌లో ఇంకొకరు లబ్ధిదారు కావడం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, వీటి బరువు ఇప్పుడు పెరుగుతుంది. ఖాతా తెరిచి వదిలేస్తే కాదు, జీతం పడుతూ, అద్దె, కూరగాయల బిల్లు పోతూ ఉండాలి.

మీలాంటి వారి ఫైళ్లలో మళ్లీమళ్లీ కనిపించే పొరపాటు పన్ను రిటర్ను. పెళ్లయ్యాక కూడా అలవాటుగా ‘ఒంటరి’ అని వేసేస్తారు. పెళ్లయిన ఏడాది నుంచి వివాహితులుగానే వేయాలి. ఇప్పటికే తప్పు వేసి ఉంటే ఇంటర్వ్యూకి ముందే సవరించండి.

పోలీస్ క్లియరెన్స్ కావాల్సి వస్తే జాగ్రత్త. మన పాస్‌పోర్టు ఆఫీసు ద్వారా తీసుకునేటప్పుడు చిరునామా విచారణకు కానిస్టేబుల్ ఊళ్లో మీ ఇంటికి వెళ్లొచ్చు. అమెరికాలో ఉన్నారు గనుక మీరు కాన్సులేట్ ద్వారా అడిగినా విచారణ ఊరిదాకా రావొచ్చు. ‘అమెరికా వీసా పనికి’ అన్న ఒక్క ముక్క ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. అది నిజమే కదా. మీరు ఎప్పుడు, ఎవరికి చెప్పాలన్నది పూర్తిగా మీ నిర్ణయం. ఏ అధికారి కోసమూ తొందరపడకండి.

పెళ్లయి రెండేళ్లు నిండకముందే గ్రీన్ కార్డు వస్తే అది రెండేళ్ల కార్డు. గడువుకు ముందు 90 రోజుల్లో, పూర్తికాలపు కార్డు కోసం ఐ-751 ఫారం వేయాలి, ఫీజు 750 డాలర్లు. అప్పటికి కొత్త రుజువులు కావాలి, పాతవే జిరాక్స్ తీసి పంపితే ప్రశ్నల లేఖ వస్తుంది.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. మా అన్నయ్య కొడుకుని అతని భర్త స్పాన్సర్ చేస్తున్నాడు. ఆ భర్త ఇంకా చదువుకుంటున్నాడు, అతని ఆదాయం చాలదట. నన్ను జాయింట్ స్పాన్సర్‌గా ఉండమంటున్నారు. నాకేం చిక్కులొస్తాయి?
– ఒక బాబాయి

జవాబు: మంచి మనసుతో అడిగారు. సంతకం పెట్టే ముందు చదవాల్సిన ఫారం ఐ-864, అంటే వలస వచ్చేవారికి ఆర్థికంగా పూచీ పడే పత్రం. మీ ఇంట్లోవాళ్లు, మీ అన్నయ్య కొడుకు కలిపి ఎంతమంది అవుతారో లెక్కేసి, అంతమందికి ఉన్న పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం చూపాలి. 2025 లెక్కలో ఇద్దరికి పేదరిక రేఖ 21,150 డాలర్లుగా ఉండేది, అంటే సుమారు 26,437 డాలర్ల వార్షికాదాయం కావాల్సి వచ్చేది. ఆ లెక్కలో తలకు 5,500 చొప్పున రేఖ పెరిగేది. మీరు పౌరుడో, గ్రీన్ కార్డు ఉన్నవారో అయి, అక్కడే నివసిస్తూ ఉండాలి. హెచ్-1బి మీద ఉన్నవారి సంతకం పనికిరాదు. ఊళ్లో ఉన్న మీ అన్నయ్య పొలం, ఇల్లు చూపించి స్పాన్సర్ కావడమూ కుదరదు.

ఈ బాధ్యత ఎప్పటికి తీరుతుందో స్పష్టంగా తెలుసుకోండి. అతను పౌరుడయ్యేదాకా, లేదా 40 త్రైమాసికాల పని, అంటే దాదాపు పదేళ్ల ఉద్యోగం లెక్కలోకి వచ్చేదాకా, లేదా అమెరికాను శాశ్వతంగా వదిలేదాకా. వాళ్లిద్దరూ విడాకులు తీసుకున్నా మీ సంతకం అలాగే ఉంటుంది. పిల్లవాడికి చదువు, ఉద్యోగం ఉంటే మీ జేబు మీద పడే అవకాశం తక్కువే. అయినా మీ భార్యతో మాట్లాడకుండా సంతకం పెట్టకండి.

ప్రశ్న: రిటైరైన టీచర్ని. మా అమ్మాయి, ఆమె అమెరికన్ భార్య ముసలితనంలో మా దగ్గర ఉండాలనుకుంటున్నారు. మా అమ్మాయికి ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత మూలాలవారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉంది, కోడలికి రాదంటున్నారు. అక్కడ ఈ హక్కులు ఎవరు పోరాడి తెచ్చారు? ఇక్కడ తల్లిదండ్రులుగా మేం చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ఉంది మాస్టారూ. అక్కడ ఎలా వచ్చిందో ముందు చెబుతాం, ఎందుకంటే ఇక్కడ చేయాల్సింది అందులోనే ఉంది.

1975లో కొలరాడోలోని బౌల్డర్‌లో రిచర్డ్ ఆడమ్స్ అనే అమెరికన్, టోనీ సల్లివన్ అనే ఆస్ట్రేలియన్ పెళ్లి చేసుకుని గ్రీన్ కార్డుకు వేశారు. వలస శాఖ పంపిన తిరస్కరణ లేఖలో వాళ్లను ఉద్దేశించి వాడిన తిట్టు ఇక్కడ అచ్చు వేయలేం. కేసు 1982లో అప్పీళ్ల కోర్టులో ఓడిపోయింది. ఆడమ్స్ 2012 డిసెంబర్‌లో చనిపోయారు, డోమా కూలడానికి ఆరు నెలల ముందు. ఆ లేఖకు వలస శాఖ తర్వాత క్షమాపణ చెప్పింది. చనిపోయిన భర్త పేరు మీద సల్లివన్‌కు 2016లో గ్రీన్ కార్డు వచ్చింది.

మధ్యలో చట్టసభ దారి కూడా నడిచింది. 2000లో జెరాల్డ్ నాడ్లర్ ప్రతినిధుల సభలో శాశ్వత భాగస్వాములకూ స్పాన్సర్ హక్కు ఇచ్చే బిల్లు పెట్టారు. అది సభలు మారిన కొద్దీ మళ్లీమళ్లీ పెట్టాల్సి వచ్చింది, ఒక్కసారీ గట్టెక్కలేదు. దాన్ని అన్నేళ్లు బతికించింది కుటుంబాలు. ‘నా కొడుకు ప్రేమించినవాడి కోసం సొంత దేశం వదిలి పోవాల్సి వచ్చింది, మనవల్ని చూడాలంటే నేను సముద్రం దాటాలి’ అని తల్లిదండ్రులు వెళ్లి తమ ప్రతినిధుల ఆఫీసుల్లో కూర్చున్నారు. 2009 జూన్ 3న సెనేట్ జ్యుడీషియరీ కమిటీ ముందు షర్లీ టాన్ అనే ఫిలిప్పీన్స్ మహిళ సాక్ష్యం చెప్పారు. భాగస్వామితో కలిసి కవల మగపిల్లల్ని పెంచుతున్న తల్లి ఆమె, దేశం నుంచి పంపేస్తామన్న నోటీసు నెత్తిన ఉంది. ఆమె మాట్లాడుతుంటే వెనక కూర్చున్న కొడుకు ఏడ్చాడు. చైర్మన్ ప్యాట్రిక్ లేహీ మధ్యలో ఆపి ఆ పిల్లవాడి సంగతి అడిగారు. ఒక చట్టం సెక్షన్ నంబరుగా కాక పిల్లవాడి ముఖంగా ఆ గదిలో కనిపించింది. ఆ బిల్లు చివరికి నెగ్గలేదు. 2013 మేలో వలస సంస్కరణల బిల్లుకు ఇదే సవరణను తెచ్చి, ఓట్లు చాలవని లేహీయే వెనక్కి తీసుకున్నారు. నెల తిరిగేసరికి కోర్టు తీర్పు వచ్చింది. రెండు రోజులకే, జూన్ 28న, ఫ్లోరిడాలో జూలియన్ మార్ష్, బల్గేరియాకు చెందిన ట్రయాన్ పోపోవ్ దంపతుల దరఖాస్తు ఆమోదం పొందింది.

ఇక మన దగ్గర. పౌరసత్వ చట్టం సెక్షన్ 7ఎ(1)(డి) ప్రకారం భారత పౌరుల లేదా ఓసీఐ కార్డుదారుల విదేశీ జీవిత భాగస్వామికి ఓసీఐ ఇవ్వొచ్చు. పెళ్లి రిజిస్టరై, దరఖాస్తుకు ముందు రెండేళ్లు నిలిచి ఉండాలి. ఆ సెక్షన్ వాడిన మాట ఆడా మగా అని చెప్పదు. అందుకే న్యూయార్క్‌లో పెళ్లి చేసుకున్న ఒక జంట 2021లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఈలోగా పెళ్లి హక్కు కేసులు సుప్రీంకోర్టుకు చేరాయి. వాటిలో మొదటి పిటిషనర్లు సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ మన హైదరాబాద్ వాళ్లే. 2023 అక్టోబర్ 17న ఐదుగురు జడ్జీల ధర్మాసనం పెళ్లి హక్కు ఇవ్వలేమని, అది చట్టసభ పని అని చెప్పింది. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లూ పోయాయి. కాబట్టి ఇప్పుడు బంతి పార్లమెంటు దగ్గరే ఉంది. మనం అక్కడికే వెళ్లాలి.

మీ ఎంపీకి ఒక పేజీ ఉత్తరం రాయండి. ఒకే కోరిక ఉండాలి: విదేశంలో చట్టబద్ధంగా జరిగి రెండేళ్లు నిండిన స్వలింగ వివాహానికీ సెక్షన్ 7ఎ వర్తిస్తుందని స్పష్టం చేయండి, అని. పెళ్లి చట్టం, దత్తత, ఆస్తి అన్నీ ఒకే ఉత్తరంలో కలిపితే ఏ శాఖకు పంపాలో తెలియక పక్కన పడేస్తారు. ఓసీఐ హోంశాఖ పని. మొదటి పేరాలో మీరెవరో, ఎన్నేళ్లు పాఠాలు చెప్పారో, ఆ నియోజకవర్గంలో ఓటరని రాయండి. రెండో పేరాలో ఈ నియమం వల్ల మీ ముసలితనంలో ఏం జరుగుతుందో. మూడో పేరాలో కోరిక. పోస్టులో వేసి ఊరుకోకుండా పార్లమెంటు సమావేశాలు లేని రోజుల్లో ఎంపీ ఊళ్లో ఉన్నప్పుడు అపాయింట్‌మెంట్ తీసుకుని భార్యాభర్తలిద్దరూ వెళ్లండి. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి వెళ్తే ఇంకా మంచిది. 2023 ఏప్రిల్‌లో 400 మందికి పైగా తల్లిదండ్రులున్న స్వీకార్ అనే బృందం ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాసింది. అమెరికాలో మనవాళ్ల కోసం దేశీ రెయిన్‌బో పేరెంట్స్ అండ్ అలీస్ ఉంది. న్యూయార్క్‌లోని ఇమిగ్రేషన్ ఈక్వాలిటీ అనే సంస్థ 1994 నుంచి ఇలాంటి కేసులు చూస్తోంది.

ఒక షరతు. ఉత్తరంలో అమ్మాయి పేరు, ఫొటో పెట్టే ముందు ఆమెనూ కోడలినీ ఇద్దరినీ అడగండి. తల్లిదండ్రులకు ధైర్యం వచ్చిన రోజున పిల్లలకు అదే ధైర్యం రావాలని లేదు. పేరు లేకుండా ‘మా కుమార్తె’ అన్నా ఉత్తరం చెల్లుతుంది.

ఓసీఐ వచ్చేలోగా కోడలు టూరిస్ట్ ఈ-వీసా మీద రావొచ్చు. ఐదేళ్లది దొరుకుతుంది గాని ఏడాదిలో 180 రోజులకు మించి ఉండనివ్వదు. ఇక్కడ ఉద్యోగం చేయకూడదు. విదేశీయులు మీ ఇంట్లో బస చేస్తే 24 గంటల్లోపు విదేశీయుల నమోదు శాఖ వెబ్‌సైట్‌లో మీరే తెలపాలి. ఇంటి యజమానిగా అది మీ పని, చుట్టాలే కదా అని వదిలేస్తారు. తర్వాత వీసా పనుల్లో అదే అడ్డం పడుతుంది. పాస్‌పోర్టు, వీసా నకళ్లు, ఒక ఫొటో దగ్గర పెట్టుకుంటే అరగంట పని.

అక్కడి హక్కు మళ్లీ పోతుందేమోనని ఇంకొందరు అడిగారు. 2022 డిసెంబర్‌లో వచ్చిన వివాహ గౌరవ చట్టం ప్రకారం, చెల్లే చోట జరిగిన పెళ్లిని అమెరికా కేంద్ర ప్రభుత్వం గుర్తించి తీరాలి. వలస శాఖ కేంద్రానిదే. కాబట్టి కోర్టు తీర్పు ఒక్కటే ఆధారమైన రోజులు పోయాయి. అయినా పెళ్లయ్యాక ఫారాలు వేయడం ఏళ్ల తరబడి వాయిదా వేయకండి. ఇప్పటికే వేసిన కేసు మామూలు గడువు దాటి ఆగిపోతే, ముందు వలస శాఖకే ఆన్‌లైన్‌లో విచారణ పెట్టండి. జవాబు రాకపోతే అక్కడి ఇంటి జిప్ కోడ్ ప్రకారం కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు వెళ్లాలి. దరఖాస్తుదారు సంతకం చేసిన గోప్యతా అనుమతి పత్రం ఇస్తే ఆ ఆఫీసు కేసు ఎక్కడుందో కనుక్కుంటుంది. నిర్ణయం మార్చలేదు, ఫైలు కదిలించగలదు. సంతకం లేని అనుమతి పత్రంతో ఎవరూ ఏమీ చెప్పరు, తల్లిదండ్రులు ఫోన్ చేసినా సరే.